ఏడో బాటసారి

లక్ష్మీప్రసన్న ఏం ఉద్యోగం చేస్తుందో మా వీధిలో సరిగ్గా చెప్పగలిగినవాడు ఒక్కడూ లేడు. కంప్యూటరని కొందరు, సినిమా అని కొందరు, షేర్ల వ్యాపారమని ఒకాయన. ఆరు నుంచి పదో తరగతి దాకా ఆ పిల్లకి డ్రాయింగ్ చెప్పినవాణ్ణి కనుక నాకు తెలిసే ఉంటుందని అందరూ నన్ను పట్టుకునేవారు. తెలియదని చెప్పడం నామోషీ అనిపించి, ఒకరోజు వాళ్ళింటికి వెళ్ళి నేరుగా అడిగేశాను.

"ఒక గేమ్‌కి ఆర్ట్ డైరెక్టర్నండి మాస్టారూ. జనం చేత నడిపించే గేమ్" అంది.

"నడవడానికి గేమెందుకే?" అన్నాను.

"మరి మీరు నడుస్తున్నారా?" అంది.

నాకు పదకొండేళ్ళుగా షుగరు. డాక్టరు నడవమన్న ప్రతిసారీ ఆయ్ అని తలూపి, ఇంటికొచ్చి పడక్కుర్చీలో వాలిపోయే జాతి నాది. 

ఆ గేమ్ పేరు 'దారి'. ఫోన్ పట్టుకుని మనం నడుస్తుంటే తెరమీద ఒక బొమ్మ నడుస్తుంది. మనం ఆగితే అదీ ఆగుతుంది. రోజంతా కదలకపోతే దారి పక్కన తల వంచుకుని నిలబడుతుంది. ఆ బొమ్మని బాటసారి అంటారు. బాటసారిని తీసుకున్నవాళ్ళ పేరున అది బ్లాక్‌చెయిన్‌లో నమోదవుతుంది. అదేమిటో నాకు అర్థమయ్యేలా చెప్పమన్నాను. రిజిస్ట్రారు ఆఫీసులో ఒక్క దస్తావేజు ఉండే బదులు, ప్రపంచమంతా వేల చోట్ల ఒకేసారి నకళ్ళు రాసిపెట్టినట్టట. ఆ తర్వాత బొమ్మలో ఒక్క గీత మార్చడం కంపెనీ ఆసామి వల్ల కూడా కాదట. "ఎవరూ చెరపలేరండి" అని గొప్పగా చెప్పింది. పిల్లలకి పెన్సిల్ కంటే ముందు రబ్బరు పట్టుకోవడం నేర్పినవాణ్ణి, నాకు మాత్రం ఆ మాట ఏమీ గొప్పగా వినిపించలేదు.

సుబ్రహ్మణ్య ఘనపాఠి గారికీ విశాలాక్షి గారికీ పెళ్ళయిన పన్నెండేళ్ళకి పుట్టిన ఒక్కగానొక్క కూతురు లక్ష్మీప్రసన్న. ఆయన వేదం ఘనాంతం చదువుకున్న మనిషి. కూతురి చేతిలో ఎప్పుడూ బొగ్గుముక్కో సుద్దముక్కో ఉండేది. ఇంటర్ అవగానే ఆయన మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుని, "మాస్టారూ, దానికి నిజంగా చెయ్యి ఉందాండీ? ఉంటే పంపిస్తాను, లేకపోతే చెప్పేయండి" అన్నారు. ఉందన్నాను. బంధువులంతా ముక్కున వేలేసుకుంటున్నా విశాఖపట్నంలో బొమ్మల కాలేజీలో చేర్పించి వచ్చారు. అక్కణ్ణించి హైదరాబాదులో ఒక కార్టూన్ల కంపెనీలో తొమ్మిదేళ్ళు చేతులూ కాళ్ళూ గీసింది. తర్వాత బెంగుళూరులో ఈ గేమ్ వాళ్ళు తీసుకున్నారు. కరోనాలో కంప్యూటరు పట్టుకుని అమలాపురం వచ్చింది, మేడ మీది గదిలో దిగింది, మళ్ళీ వెళ్ళలేదు. దాని కింద తొమ్మిదిమంది. వైజాగులో నలుగురు, పూణేలో నలుగురు, వియత్నాంలో ఒకమ్మాయి. వాళ్ళందరినీ ఆ గదిలో కూర్చునే ఆడిస్తుంది.

దాని పని పద్ధతి నాకు నచ్చింది. ముందు నడక, తర్వాతే మిగతాది. "దూరంనుంచి వచ్చే మనిషిని మొహం చూసి పోల్చుకుంటామాండీ? నడక చూసే కదా" అనేది. అందుకే దాని బాటసారులకి మొహాలు ఉండవు. మొదటి బాటసారి నడక, కొబ్బరిచెట్లెక్కే దానం అనే అతనిది. రెండోది అల్లవరం నుంచి తలమీద రొయ్యల గంపతో వచ్చే వీరాయమ్మది. మూడోది బండారులంకలో మగ్గం గుంటలో కాళ్ళు పెట్టీ పెట్టీ మోకాళ్ళు వంగిపోయిన వెంకన్నది. ఒక్కొక్కళ్ళనీ అడిగి, ఒప్పించి, పదిసార్లు అటూ ఇటూ నడిపించి ఫోన్‌లో తీసుకునేది. తీస్తున్నంతసేపూ "ఒక్కసారి ఇటు తిరగండి, ఇంకొక్కసారి ఇటు చూడండి" అని కేకలేస్తూనే ఉండేది. దానికి అది అలవాటైపోయింది.

ఘనపాఠి గారు ప్రతి ఉదయం స్నానం చేసి, వసారాలో ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తూ ఒక పనస చెప్పుకునేవారు. పనస అంటే వేదంలో యాభై మాటల కట్ట. కుడిచెయ్యి నడుం దగ్గర పెట్టుకుని, బొటనవేలిని వేళ్ళ కణుపుల మీద జరుపుకుంటూ లెక్క పెట్టుకోవడం ఆయన అలవాటు. ఎడమకాలు కొంచెం ఆలస్యంగా పడేది. పనస మొదలుపెడితే పూర్తయ్యేదాకా ఎవరితోనూ మాట్లాడరు. ఒకసారి ఆయన అన్నగారు పోయిన కబురు తెచ్చిన మనిషి కూడా గుమ్మంలో నిలబడి, ఆ పనస అయ్యాకే చెప్పాడు. ఇంట్లో ఎవరూ ఆ వేళ గిన్నె చప్పుడు కూడా చేసేవారు కాదు.

కిందటేడు కార్తీకంలో ఒక ఉదయం స్నానానికి వెళ్ళి, నూతి దగ్గరే కూలబడిపోయారు. డాక్టరు వచ్చేసరికే అయిపోయింది.

నాలుగు నెలలకి లక్ష్మీప్రసన్న ఏడో బాటసారిని విడుదల చేసింది. నా ఫోన్‌లో ఒకటి పెట్టి, "ఇకనైనా నడవండి మాస్టారూ" అంది. తలమీద ముసుగు, మొహం ఉండాల్సిన చోట నల్లటి నీడ, మోకాళ్ళు దాటిన పంచె. ఎడమకాలు కొంచెం ఆలస్యంగా పడుతుంది. కుడిచేతి బొటనవేలు కణుపుల మీద కదులుతుంది. ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో ఆ వేళ్ళ కదలికని మంత్రతంత్రాలనుకుని ఎగబడ్డారట. పదకొండు వేలమంది తీసుకున్నారట. ముప్ఫయ్యేళ్ళు బొమ్మలు చెప్పిన నేను ఆ నడకని పోల్చుకోలేదు. ఆ మాట ఒప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. ఆ ఫోన్‌ని బల్లమీద పడేసి యథాప్రకారం కుర్చీలో వాలాను.

ఈ ఏడు కార్తీకం వస్తుండగా, సంవత్సరీకాలకి ఇరవై రోజులుందనగా, ఒక సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. విశాలాక్షి గారు వసారాలో చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. కూతురు మేడమీద ఎవరితోనో ఇంగ్లీషులో పోట్లాడుతోంది.

"ఇంతకీ అది చేసేదేవిటండీ మాస్టారూ? నాకు ఒక్కసారీ చూపించలేదు" అన్నారావిడ.

నేనేదో ఘనకార్యం చేస్తున్నట్టు ఫోన్ తీశాను. "ఇదిగోండి అక్కగారూ, నేను నడిస్తే ఇది నడుస్తుంది" అని తెర ఆవిడ వైపు తిప్పి పట్టుకుని, ఆ వసారాలోనే ఈ చివర నుంచి ఆ చివరకి నడిచాను.

ఆవిడ చేతులు ఆగిపోయాయి. "ఆగకండి" అన్నారు. నడిచాను. "ఇంకా నడవండి." మూడు చుట్లు తిరిగాక ఆవిడ చాటని పక్కకి నెట్టి లేచి నిలబడ్డారు.

"ఆయనండీ" అన్నారు. "ఉంగరపు వేలు మధ్య కణుపు దాకా వస్తున్నారు. మళ్ళీ వెనక్కి వెళ్ళిపోతున్నారు. చూడండి. వచ్చేరు. వెళ్ళిపోయేరు."

అప్పుడు చూశాను.  నేను నడుస్తున్న చోటే, నాతోపాటే, నా చేతిలో ఆయన నడుస్తున్నారు.

విశాలాక్షి గారు మేడ వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించారు. దొంగతనం ఒప్పుకుంటున్న మనిషిలా మాట్లాడారు. "ఎవరికీ చెప్పలేదండీ. పోయే ముందు రోజు ఆయన పనస మధ్యలో ఆగిపోయేరు. నేను వంటింట్లో ఉన్నాను. గొంతు ఆగిపోయింది. పరుగెత్తుకొచ్చి, ఏవండీ ఆగేరేం అన్నాను. మరిచిపోయేను అన్నారు."

నేను ఫోన్ పట్టుకునే ఆవిడ పక్కకి వచ్చి నిలబడ్డాను.

"ఎనిమిదో ఏట మొదలుపెట్టిన మనిషండీ. నేర్చింది మరిచిపోతే మహాపాపం అంటారు. అన్నం సయించలేదు ఆ పూట. రేపు స్నానం చేసి మొదట్నించీ చెప్పుకుంటాను అన్నారు. మర్నాడు ఆ స్నానానికే కదండీ వెళ్ళేరు." ఆవిడ మళ్ళీ తెర వైపు చూశారు. "పోయినవాళ్ళు ఏడాదిపాటు దారిలో ఉంటారు. అందుకే కదా చెప్పులూ గొడుగూ దానం ఇచ్చేం. సంవత్సరీకాలకి చేరుకోవాలి. ఈయన మరిచిపోయిన చోటే తిరుగుతుంటే ఎలా చేరతారండీ?"

"బొమ్మండీ అక్కగారూ" అన్నాను. నా మాట నాకే వినపడలేదు.

"ఇంకొంచెం దూరం నడిస్తే ఆ కణుపు దాటతారేమో. మీరు నడవగలరా మాస్టారూ?"

నాకు తెలుసు, దాటరని. బొమ్మల నడకంటే నాలుగు సెకన్ల ముక్క. దాని చివరని మొదలుకి అతికి తిప్పుతూ ఉంటారు. ఎంత దూరం పోయినా ఆ నాలుగు సెకన్లే. ఆ ముక్క ఆవిడ మొహం మీద చెప్పలేకపోయాను. "ఆయ్, నడుస్తానండి" అన్నాను. పెళ్ళాం చెబితే వినలేదు, డాక్టరు చెబితే వినలేదు. అలాంటివాణ్ణి మర్నాడు తెల్లారగానే చెప్పులేసుకున్నాను.

మొదటి రోజు కాలవ గట్టు మీద లాకుల దాకా వెళ్ళి వచ్చాను. సాయంత్రం ఆవిడ గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. "దాటేరా?" అన్నారు. "ఇంకా లేదండీ" అన్నాను. రెండో రోజు ఇంకొంచెం దూరం. నాలుగో రోజుకి బండారులంక దాకా నడిచి, ఆటోలో తిరిగొచ్చాను. మోకాలు బూరెలా పొంగింది. రోజూ అదే ప్రశ్న, అదే జవాబు. ఆవిడ కళ్ళలో ఆశ రోజురోజుకీ తగ్గుతుంటే, నేను అబద్ధాలకోరుననీ, పిరికివాణ్ణనీ నన్ను నేను తిట్టుకుంటూ నడిచాను.

ఆ నడకలో నాకు భయం పట్టుకుంది. గట్టు మీద నేనొక్కణ్ణే ఉన్నప్పుడు నా పక్కన ఇంకో జత అడుగులున్నట్టు అనిపించేది. నిలబడి తెర చూస్తే ఆయనా నిలబడి ఉండేవారు. మొహం లేని ఆ ముసుగు నా వైపే తిరిగి ఉందనిపించి ఫోన్ జేబులో కుక్కేసేవాణ్ణి. బస్టాండులో ఒకమ్మాయి ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అందులోనూ ఆయనే. దారి పక్కన తల వంచుకుని, ఎప్పుడు కదలనిస్తారా అని చూస్తున్నారు. ఇలా పదకొండు వేలమంది చేతుల్లో, ఎక్కడెక్కడో తెల్లారుతుంటే ఆయన్ని లేపి నడిపిస్తున్నారు కదా అనుకుంటూ అక్కణ్ణించి వచ్చేశాను. తొమ్మిదో రోజున నా బొటనవేలు నాకు తెలియకుండానే నా కణుపుల మీద కదులుతోంది. నా ఎడమకాలు కూడా ఆలస్యంగా పడుతోంది. మోకాలి నొప్పివల్లేనని సర్దిచెప్పుకున్నాను. గుండె మాత్రం సర్దుకోలేదు.

ఆ మర్నాడు మధ్యాహ్నం లక్ష్మీప్రసన్నే మా ఇంటికొచ్చింది.

"ఏవిటండీ మాస్టారూ ఇది? నిన్న మీ పేరు పక్కన పద్నాలుగు వేల అడుగులున్నాయి. ప్రాణం మీదికి తెచ్చుకుంటారా?"

పది రోజుల కోపం ఒక్కసారి పైకొచ్చింది. "నడవమన్నది నువ్వు! మీ నాన్నగారిని బొమ్మ చేసి అమ్ముకున్నావు, మీ అమ్మకి ఒక్క మాట చెప్పావా?" అని అరిచాను.

దాని మొహం పాలిపోయింది. కుర్చీ అంచున కూర్చుంది. "నాన్నగారిని అడిగే తీశానండి. నా నడకలో ఏవుంది తల్లీ, తీసుకో అన్నారు. ఆయన పోయాక అది పారేయలేకపోయాను. ఎవరూ చెరపలేని చోట పెడితే ఆయన ఎప్పటికీ ఉంటారనుకున్నాను. ఈ నడకే పెట్టాలని కంపెనీతో పట్టుబట్టింది కూడా నేనే" అంది.

"ఉన్నారు, ఎక్కడికీ పోనీకుండా ఉంచావు" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. తర్వాత కొంచెం తగ్గి, వాళ్ళమ్మ నాతో చెప్పిందంతా చెప్పాను. ఆఖరి పనస మధ్యలో ఆయన మరిచిపోయారనీ, ఆ తల్లి పదకొండు నెలలుగా ఆ పాపం ఏమవుతుందోనని ఎవరికీ చెప్పుకోలేక కుమిలిపోతోందనీ చెప్పాను.

లక్ష్మీప్రసన్న తలెత్తింది. "మరిచిపోయానన్నారా?" అంది. "నాన్నగారా? అమ్మతోనా?"

"అవును."

"మరిచిపోలేదండి. నేను పిలిచాను."

ఆ రోజు వసారాలోకి కనిపించే మేడమీది కిటికీలోంచి ఆయన నడక తీస్తోందట. చెవుల్లో హెడ్‌ఫోన్లు. అవతల తొమ్మిదిమందీ అదే తెర చూస్తున్నారు. ఆయన చెయ్యి సరిగ్గా కనపడట్లేదు, ఇటు తిప్పమని ఎవరో అన్నారట. దానంని, వీరాయమ్మని అన్నట్టే నోటికొచ్చేసిందట. పుట్టి పెరిగిన ఇంట్లో, గిన్నె చప్పుడు చేయని వేళలో, కేకేసిందట. ఆయన ఆగిపోయాకే తనేం చేసిందో తెలిసిందట.

"అమ్మకి చెబితే చచ్చిపోతుందండి. ఆయన ఆఖరి పనస పాడుచేసింది నేనని తెలిస్తే ఇంక నా మొహం చూడదు" అని ఏడ్చింది.

"చెప్పకపోతే ఇలాగే చచ్చేలా ఉంది. లే" అన్నాను.

ఇద్దరం వెళ్ళాం. విశాలాక్షి గారు వసారాలో ఉన్నారు. నన్ను చూడగానే అలవాటుగా, "దాటేరా?" అన్నారు.

"అక్కగారూ, అమ్మాయి మీతో ఒక మాట చెబుతుందండి" అన్నాను.

అది తల్లి ముందు కింద కూర్చుని చెప్పేసింది. తల ఎత్తకుండా, ఎక్కడా ఆగకుండా, కిటికీ దగ్గర్నుంచి కేక దాకా అంతా చెప్పింది. బొమ్మ ఆ కణుపు ఎప్పటికీ దాటదని, తాను అక్కడికి తుంచి అతికానని కూడా చెప్పింది. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. 

విశాలాక్షి గారు కూతురి వైపు వంగారు.

"అయితే ఆయన మరిచిపోలేదా?" అన్నారు.

"లేదమ్మా."

"మరిచిపోలేదు" అని నా వైపు తిరిగారు. "విన్నారా మాస్టారూ? ఆయన మరిచిపోలేదుటండీ!" అని నవ్వారు. నవ్వుతుండగానే కళ్ళు కారిపోయాయి. పమిటచెంగు మొహానికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలిపోయేలా ఏడ్చారు. ఏడాదిగా ఆవిడ అలా ఏడవలేదు. భర్త పోయిన రోజున కూడా రాయిలా కూర్చున్న మనిషి. ఆ రాయి ఎందుకో నాకు ఇప్పుడు అర్థమైంది.

"మేడమీంచి ఏదో కేక వినపడింది గానీ, నీ కంప్యూటరు వాళ్ళతో అనుకున్నాను. నువ్వని తెలిస్తే నిన్ను నిలబెట్టి కడిగేస్తానని ఆయనకి తెలుసే" అన్నారు కాసేపటికి కూతురితో. "అందుకని నాతో అబద్ధం చెప్పేరు. వేదం మరిచిపోయేనని తన నెత్తిన వేసుకున్నారు గానీ నిన్ను అననివ్వలేదు."

లక్ష్మీప్రసన్న తల్లి మోకాళ్ళ మీద తల పెట్టేసింది. "తిట్టమ్మా నన్ను. ఒక్కసారి తిట్టు" అంది.

ఆవిడ తిట్టలేదు. జుట్టు మీద చెయ్యి వేశారు. మొహం తేటపడింది. ఏదో గుర్తు తెచ్చుకుంటున్నట్టు అడిగారు. "నువ్వు పిలిచినప్పుడు ఏవన్నావే?"

"నాన్నగారూ, ఒక్కసారి ఇటు చూడండి అన్నాను."

"చూసేరా?"

"చూసేరమ్మా. తలెత్తి కిటికీ వైపు చూసేరు."

"కోప్పడ్డారా?"

"లేదు. నవ్వేరు."

విశాలాక్షి గారి కళ్ళు పెద్దవయ్యాయి. "పనస మధ్యలోనా? నలభయ్యేడేళ్ళలో నేనెప్పుడూ చూళ్ళేదు" అన్నారు. మురిసిపోతూ చెయ్యి చాచారు. "ఏదీ, చూపించు. తీస్తూనే ఉన్నావుగా."

లక్ష్మీప్రసన్న తల ఎత్తలేదు.

"చూపించవే."

"లేదమ్మా" అంది. "అది నడక కాదు కదా, పనికిరాదని ఆ మధ్యాహ్నమే కోసి తీసేశాను. ఆ నాలుగు సెకన్ల నడకే ఉంచుకున్నాను. మర్నాడు ఇలా అవుతుందని నాకేం తెలుసు."

మేడమీద దాని కంప్యూటరు ఎవరో పిలుస్తున్నట్టు మోగుతూ ఉంది.  విశాలాక్షి గారు చాచిన చెయ్యి చాలాసేపటిదాకా వెనక్కి తీసుకోలేదు.